షూటింగుకు ఇచ్చిన ఇల్లు

మంగళవారం, రాత్రి

ఒక్క రోజు షూటింగుకు ఇల్లు ఇమ్మన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. గుణదలలో ఇన్ని ఇళ్ళుండగా మాదే ఎందుకు?

"హీరో ప్రేమించే ముస్లిం అమ్మాయి ఇల్లండీ. మీదైతే సహజంగా ఉంటదని," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్. ఆటోనగర్ షాపు నుంచి మావారు ఫోన్లోనే సరేననేశారు.

ఈ పొద్దున వచ్చీరాగానే ఆ సహజాన్నే పీకడం మొదలుపెట్టారు. నా నవలల బీరువాను వంటింట్లోకి తోశారు. గోడల నిండా ఆకుపచ్చ తెరలు దించారు. ఎక్కడినుంచో అత్తరు సీసాలు తెచ్చి పేర్చారు. చివరికి గుమ్మం ముందున్న మా అమ్మాయి రేష్మా స్కూటీని కూడా సందు మలుపు దాకా నెట్టేశారు.

"అదేం చేసిందయ్యా మిమ్మల్ని?" అన్నాను.

"మా కథలో అమ్మాయి బయటికెళ్ళదండీ. కిటికీలోంచే చూస్తా ఉంటది."

మాటకో అండీ. ఆ మర్యాదే నాకు నచ్చలేదు. కాసేపటికి రేష్మా ఆ స్కూటీ మీదే కాలేజీకి వెళ్ళిపోయింది. యూనిట్‌లో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

సాయంత్రం పక్కింటి పద్మగారు వచ్చారు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ రోజూ నా చేతి కాఫీ తాగే మనిషి. గుమ్మంలోనే ఆగిపోయి, ఆ తెరల్నీ సీసాల్నీ కళ్ళింతలు చేసుకుని చూశారు.

"ఎంత బాగుందో షమీమ్! ఇప్పుడు అచ్చం మీవాళ్ళ ఇల్లులా ఉంది."

నవ్వాను. ఎప్పటిలాగే చక్కెర తక్కువ వేసి కాఫీ ఇచ్చాను.

తెరలు రేపు తీసుకుపోతారట. మరి ఇన్నేళ్ళూ ఆవిడ ఎవరింట్లో కాఫీ తాగుతున్నాననుకున్నట్టు?