ముందుగదిలో నిలబడే మీటింగు

కరీంనగర్,
సోమవారం

అత్తమ్మకు మేనకోడలు రెబెకా వందనాలు.

ఫోన్ మీకు వినబడదు, వాట్సాప్ అక్షరాలు మీ కళ్ళకు ఆనవు. అందుకే చాలా ఏళ్ళ తర్వాత పోస్టాఫీసుకు వెళ్ళి కవరు కొన్నాను. మీతో ఒక పని పడింది.

మా కంపెనీ పత్తి రైతుల కోసం ఒక యాప్ తయారుచేస్తోంది. ఏ రోజు ఏ జిన్నింగు మిల్లుకు పత్తి తీసుకెళ్ళాలో రైతుకు ఇంట్లోనే తెలిసిపోతుంది. ట్రాక్టరు నింపుకుని మిల్లు గేటు ముందు పడిగాపులు పడే బాధ ఉండదు. ఈ పనిని పుణేలో ఒక అంతస్తు నిండా మనుషులు, కరీంనగర్‌లో మేము, మీ ఆదిలాబాద్‌లో నలుగురు కలిసి చేస్తున్నాం. కలిసి అనడం మాటవరసకే. ఆదిలాబాద్ వాళ్ళు ఎప్పుడూ వెనకబడుతున్నారని, అక్కడి జట్టును ఎత్తేసి పుణేకు రమ్మందామని పైవాళ్ళు అనుకుంటున్నారు. ఆ నలుగురిలో నర్మదకు చంటిపిల్లను పట్టుకుని పుణే వెళ్ళడం కుదరదు. సంపత్ వాళ్ళ నాన్నకు వారం వారం డయాలసిస్. నేను మాత్రం ఊరుకోదలుచుకోలేదు. ఈ పత్తి సీజను మొదలయ్యేలోపు, ఆదిలాబాద్ జట్టు లేనిదే ఈ పని నడవదని చూపించి తీరతాను.

ఇంతలో వాళ్ళ ఆఫీసు వానకు కురిసి కరెంటు తీసేశారు. మీ ముందుగది ఖాళీగానే ఉంది కదా, పైన అద్దెకున్నవాళ్ళ ఇంటర్నెట్టు కూడా ఉంది. కొన్నాళ్ళు ఆ నలుగురినీ కూర్చోనివ్వండి. నెమ్మదైన పిల్లలు. ఎంత నెమ్మదంటే, రోజూ నేను నడిపే మీటింగులో "ఓకే" తప్ప ఇంకో మాట అనరు.

మీ జవాబు కోసం పోస్టుమన్ దారి చూసే
రెబెకా

తా.క.: వాళ్ళను హాస్టల్ పిల్లల్లా చూడకండి. మీరు వార్డెన్‌గా రిటైరై చాలా కాలమైంది.


ఆదిలాబాద్,
ఆదివారం, చర్చి అయ్యాక

రెబెకాకు మగ్దలేనమ్మ అత్త దీవెనలు.

నీ పిల్లలు వచ్చారు. చూసి మురిసిపోయాను. ఈ కాలం వాళ్ళకు భక్తి లేదని మా పాస్టరు ప్రతి ఆదివారం బాధపడతాడు. ఆయన వచ్చి మా ముందుగది చూడాలి. రోజూ పదింటికి నలుగురూ లేచి నిలబడి, తలలు వంచి, ఒకరి తర్వాత ఒకరు మెల్లగా ప్రార్థన చేస్తున్నారు. ఎదురుగా లాప్‌టాప్‌లో ఇంకా బోలెడు ముఖాలు, అవీ తలలు వంచుకునే ఉన్నాయి. నీ ముఖం కూడా కనబడింది. మీరు ఊళ్ళు వేరైనా ఒకే వేళకు ప్రార్థించుకోవడం నాకు బాగా నచ్చింది.

మొదటి రోజు దూరం నుంచి చూశాను. రెండో రోజు నుంచి నెత్తిన కొంగు కప్పుకుని నేనూ వాళ్ళ పక్కన నిలబడుతున్నాను. నాకు వినబడదు కాబట్టి, అందరి పెదవులూ ఆగినప్పుడు గట్టిగా ఆమెన్ అంటున్నాను.

ఎన్నాళ్ళయినా ఉండనివ్వమనే
మీ అత్త

తా.క.: స్ప్రింటు ఉందని సంపత్ కాగితం మీద రాసి చూపించాడు. పరుగు పందెం మంచిదే, పిల్లాడికి ఒళ్ళు లేదు. రోజూ రెండు కోడిగుడ్లు పెడుతున్నాను. పరుగెత్తడం మాత్రం ఇంకా చూడలేదు, పొద్దస్తమానం కూర్చునే ఉంటున్నాడు.


కరీంనగర్,
గురువారం

అత్తమ్మకు వందనాలు.

అది ప్రార్థన కాదు. మా పని పద్ధతిని ఎజైల్ అంటారు. పెద్ద పనిని ముక్కలు చేసి, రెండు వారాలకొక ముక్క పూర్తిచేసి, వాడేవాళ్ళకు చూపించి, తప్పుంటే దిద్దుకుంటాం. ఆ రెండు వారాలనే స్ప్రింటు అంటాం. ఎవరూ పరుగెత్తరు. గుడ్లు తగ్గించండి.

పొద్దున నిలబడేది మీటింగు త్వరగా తెమలాలని. నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, నాకు ఏ అడ్డంకి ఉంది అని ఎవరి వంతుకు వాళ్ళు చెబుతారు. రెండు వారాల చివర అందరం కూర్చుని ఎక్కడ తప్పు చేశామో ఒప్పుకుని, మళ్ళీ చేయకూడదని తీర్మానించుకుంటాం. ఇందులో దేవుడి ప్రస్తావన ఎక్కడా లేదు.

దయచేసి ఆమెన్ అనకండి. మీరు అన్న ప్రతిసారీ మీటింగు అయిపోయిందనుకుని పుణే వాళ్ళు వెళ్ళిపోతున్నారు. నర్మద వంతు రాకుండానే ముగుస్తోంది.

మీ మీద కోపం లేని, కొంచెం పరేషాన్‌లో ఉన్న
రెబెకా

తా.క.: ఇదే సంగతి నర్మద రాసి చూపిస్తే కళ్ళజోడు కనబడలేదన్నారట. పైవాటా వాళ్ళ కరెంటు బిల్లు మాత్రం గోడ అవతల నుంచే చదువుతారు.


ఆదిలాబాద్,
సోమవారం

రెబెకాకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం మొదటి సగం అర్థం కాలేదు. రెండో సగం బాగా అర్థమైంది. ఎవరి వంతుకు వాళ్ళు నిలబడి తమ భారం చెప్పుకోవడం, తప్పులు ఒప్పుకోవడం, మళ్ళీ చేయనని తీర్మానించుకోవడం. మా మెథడిస్టు చర్చి స్త్రీల సమాజంలో ఇదే కదా ఇన్నేళ్ళు నేను నడిపించింది. దేవుడి పేరు మీరు మరిచిపోతే మరిచిపోయారు, ఆయన మిమ్మల్ని మరవడు. ఆమెన్ ఇకనుంచి మనసులో అనుకుంటాను.

కానీ రెండు సంగతులు నా మనసు విరిచాయి.

గోడ నిండా రంగు కాగితాలు అంటించి, పైన "బ్యాక్‌లాగ్" అని రాసుకున్నారు. బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు. ఒక్క సబ్జెక్టు తప్పిన పిల్ల కూడా హాస్టల్లో నా ముందు తలెత్తేది కాదు. ఇన్ని తప్పిన వాళ్ళకు ఉద్యోగం ఎవరిచ్చారు? ఇందులో రెబెకావి కూడా ఉన్నాయా అని అడిగితే సంపత్ ఉన్నాయని తల ఊపాడు. మీ బాపుకు బీపీ అని ఆయనకు చెప్పలేదు. ఇక్కడ మాత్రం సాయంత్రం ఒక గంట చదువు పెట్టించాను.

రెండోది ఇంకా ఘోరం. గురువారం నలుగురూ నా భోజనాల బల్ల చుట్టూ చేరి పేకముక్కలు పట్టుకున్నారు. లాప్‌టాప్‌లో నువ్వూ ఒక ముక్క ఎత్తి చూపిస్తున్నావు. "గా పత్తాలు ఇటియ్యుండ్రి. ఇది పత్తలాట ఆడే ఇల్లు గాదు" అన్నాను. ఇదేం ఆట అంటే సంపత్ "పోకర్" అని రాశాడు. అబద్ధమాడనందుకు మెచ్చుకుని, ముక్కలు బీరువాలో పెట్టి తాళం వేశాను.

నీ కోసం ఉపవాసమున్న
అత్త

తా.క.: ఆ ముక్కల మీద రాజూ రాణీ లేరు, ఉత్త అంకెలు. ఐదు తర్వాత ఎనిమిది, ఎనిమిది తర్వాత పదమూడు. జూదంలో కూడా మోసమా?


కరీంనగర్,
శనివారం

అత్తమ్మకు వందనాలు.

పోకర్ అన్నది పేరుకే, జూదం కాదు. ఆ ముక్కలు పని ఎంత పెద్దదో అంచనా వేయడానికి. అందరూ ఒకేసారి చూపిస్తే ఒకరిని చూసి ఒకరు చెప్పరని ఆ ఏర్పాటు. బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు కాదు, ఇంకా చేయాల్సిన పని. రెండు ఊళ్ళలో ఒకే మాటకు రెండు అర్థాలుంటే ఎంత ప్రమాదమో నాకిప్పుడు తెలుస్తోంది.

ఇక అసలు సంగతి. వచ్చే శుక్రవారం పుణే నుంచి ఓంప్రకాశ్ గారు లాప్‌టాప్‌లో పొద్దుటి మీటింగుకు వస్తారు. మా అందరికీ పైన ఆయనే. ఆదిలాబాద్ జట్టును ఉంచాలా ఎత్తేయాలా అన్నది ఆ రోజే తేలుస్తారు. ఆ నలుగురూ ధైర్యంగా నాలుగు మాటలు చెప్పేలా చేయాలని రోజూ ఫోన్లో నూరిపోస్తున్నాను. ఆ పూట ఏ చిన్న తేడా వచ్చినా అంతా పోతుంది. కాబట్టి మీరు శుక్రవారం పది కాకముందే రైతు బజారుకు వెళ్ళండి. మెల్లగా నడవండి. అన్ని కూరలూ బేరమాడండి.

చేతులు జోడించి,
రెబెకా

తా.క.: బాపుకు చెప్పలేదన్నారు, పెద్దమ్మకు చెప్పారు. ఆమె బాపుకు చెప్పింది. నిన్న బాపు నా బీటెక్ పట్టా అడిగి తీసుకుని, వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు.


ఆదిలాబాద్,
శుక్రవారం

రెబెకాకు అత్త రాయునది.

రైతు బజారుకని సంచీ పట్టుకునే బయల్దేరాను. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాను. అప్పటికే మీటింగు మొదలైంది. నర్మద నోరు తెరిచింది, లాప్‌టాప్‌లో నువ్వు ఇప్పుడు కాదన్నట్టు చెయ్యి ఊపావు, నర్మద నోరు మూసుకుంది.

ఇది ఈరోజే కాదు. చెవులు పోయినవాళ్ళకు నోళ్ళు బాగా కనబడతాయి. ఆ పిల్ల రోజూ ఏదో చెప్పబోతుంది, రోజూ మింగుతుంది. మా సమాజంలో కడుపులో మాట దాచుకుని ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు నేను. సంచీ కింద పెట్టి, విసనకర్ర తీసుకుని లాప్‌టాప్ ముందుకు వెళ్ళాను.

"నర్మదా, నువ్వు జెప్పు. ఆమె జెప్పేదాంక ఎవ్వలు కూసునేది లేదు" అన్నాను. అందులో ఒక తెల్లజుట్టు ఆయన ఏదో అనబోయాడు. విసనకర్ర ఆయన వైపు తిప్పి, "నీ వంతు రాలే బిడ్డా, జర ఆగు" అన్నాను. ఆగాడు.

నర్మద చాలాసేపు మాట్లాడింది. మొదట నేల చూసింది, తర్వాత ఆయన ముఖంలోకే చూసింది. మధ్యలో కన్నీళ్ళు తుడుచుకుంది గానీ ఆపలేదు. ఏం చెప్పిందో నాకు తెలియదు. మంచి సాక్ష్యమని మాత్రం తెలుసు, ఎందుకంటే అయ్యాక ఎవరి పెదవీ కదల్లేదు. నువ్వొక్కదానివే నవ్వుతూ తల ఊపుతున్నావు.

ఉండబట్టలేక ఆమెన్ అనేశాను.

నువ్వు కోప్పడినా కోప్పడకపోయినా నీ
అత్త

తా.క.: పత్తాలు తిరిగిచ్చేశాను. నాలుగు, ఆరు, ఏడు అట్టముక్కల మీద రాసి కలిపాను. ఆడితే సక్రమంగా ఆడండి.


కరీంనగర్,
బుధవారం

అత్తమ్మకు వందనాలు.

నేనెందుకు నవ్వానో ముందు చెబుతాను. నర్మద ఆవేశంలో మరాఠీలోకి దిగింది. మీ ఆదిలాబాద్ వాళ్ళకు వచ్చినట్టు నాకు రాదు. అర్థం కానప్పుడు తల ఊపుతాను. చివర్లో "చాలా బాగా చెప్పావు" అని కూడా అన్నాను. తర్వాత మా ఆఫీసులో మరాఠీ తెలిసిన హర్షిణి ఆ మాటలు తెలుగులో చెప్పింది:

"రైతు పేరు ఎక్కించే పేజీ మేం రెండు నెల్లసంది చేస్తున్నం సార్. గదే పేజీ కరీంనగరోళ్ళు ఎప్పుడో చేసిండ్రు. గీ సంగతి రోజు జెప్పవోతున్న. 'గది తర్వాత మాట్లాడుకుందం' అంటది రెబెకా మేడం. గా తర్వాత ఎన్నడు రాలే. మేం వెనుకవడలే సార్. అయిపోయిన పనే మళ్ళ చేస్తున్నం."

ఎవరి ఉద్యోగాలు నిలబెట్టాలని పట్టుబట్టానో వాళ్ళ నోరు నేనే నొక్కాను. మీటింగు త్వరగా ముగించాలన్న తొందరలో, అది దేనికి పెట్టుకున్నామో మరిచిపోయాను. వెంటనే ఓంప్రకాశ్ గారికి ఫోన్ చేసి, తప్పు నాది, వాళ్ళది కాదు అన్నాను. ఊరికొక జట్టు వద్దు, ఒక్కో పనికి రెండు ఊళ్ళ మనుషులూ కలిసిన ఒక్కో జట్టు ఉండాలి, కాదంటే ముందు నన్ను తీసేయండి అన్నాను. ఆయన నీళ్ళు తాగిన చప్పుడు వినబడింది. తర్వాత సరే అన్నాడు. ఆదిలాబాద్ వాళ్ళు నలుగురూ ఉంటున్నారు. రైతుల పేజీ జట్టుకు నర్మదే పెద్ద.

అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. "మీటింగులు ఎలా నడపాలో నేర్పడానికి పుణేలో ఇద్దరు కోచ్‌లను పెట్టుకున్నాం. ఒక్కరూ నన్ను నోరు మూసుకోమనలేకపోయారు. ఆదిలాబాద్‌లో మీరు పెట్టుకున్న ఆ పెద్ద కోచ్ ఎవరో గానీ, సోమవారం నుంచి మూడు ఊళ్ళ మీటింగూ ఆవిడే నడపాలి" అన్నాడు. నేను నిజం చెప్పేలోపే పుణే అంతస్తు మొత్తానికీ మెయిల్ వెళ్ళిపోయింది.

కాబట్టి అత్తమ్మా, సోమవారం పదింటికి ఏ బజారుకూ వెళ్ళకండి.

ఇకమీద మీ చేతికింద పనిచేయబోయే
రెబెకా

తా.క.: ఆవిడ పాటించే మెథడ్ ఏమిటని ఆయన అడిగాడు. మెథడిస్ట్ అన్నాను. ఎక్కడో విన్నట్టుందట. పుణేలో కూడా అదే మొదలుపెడదాం అన్నాడు.