రాళ్ల మధ్య నాభి పువ్వు

గోదావరిఖని,
ఆగస్టు నెల.

లచ్చక్కకు నమస్కారం.

మీరు ఖాళీ చేసిన క్వార్టర్‌లోకి ఈ ఎండాకాలం వచ్చినవాళ్లం మేము. తప్పు ఒప్పుకుందామని రాస్తున్నాను. పెరట్లో మీరు గుండ్రంగా పేర్చిన రాళ్ల మధ్య ఉత్త మట్టే కనిపించింది. బూడిద పోయడానికేమో అనుకుని, నీళ్ల పొయ్యిలోని బొగ్గు బూడిదంతా రెండు నెలలు అక్కడే పోశాను.

మొదటి వానలకు ఆ బూడిదను చీల్చుకుని మొలక లేచింది. ఇప్పుడది ఆకుల కొసలతోనే దండేన్ని పట్టుకుని నా ఎత్తు దాటింది. పువ్వు పసుపుగా విచ్చుకుని, రోజురోజుకూ పొయ్యిలో నిప్పులా ఎర్రబడుతోంది. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, స్నానమైనా చేయకుండా దాని ముందు నిలబడుతున్నాడు. ఆయన డ్యూటీ బట్టలు ఇప్పుడు గోడ మీద ఆరేస్తున్నాను.

పక్కింటి సర్వరీ బేగాన్ని అడిగితే చెప్పింది: "అది నాభి. లచ్చక్క ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిల పోయినప్పుడు, వాళ్ల చేను గట్టు మీది దుంప తెచ్చి పెట్టింది. ఎండకాలం కనపడది, వానకు లేస్తది. క్వార్టర్ ఇడిసేటప్పుడు తవ్వుకపో అక్కా అని నేనన్న. దాంతోని ఇంకోపారి ఇల్లు ఖాళీ చేపియ్యనన్నది."

ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. నాకు ఒక్క మాట చెప్పి పోవలసింది అక్కా.

పువ్వులుండగానే ఒకసారి వచ్చి చూసుకోండి. మా ఆయనకు ఇంకా పన్నెండేళ్ల సర్వీసు ఉంది. మేం ఖాళీ చేసే రోజున, వచ్చేవాళ్లకు ముందు ఈ రాళ్లు చూపించి, ఆ తర్వాతే తాళంచెవి ఇస్తాను.

మీ క్వార్టర్‌లో ఉంటున్న
చెల్లెలు