మరియమ్మ గొంతు

శనివారం, ఎమ్మిగనూరు

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మా చర్చిలో ఎవరు పోయినా సమాధి దగ్గర చదివే జీవిత చరిత్ర నేనే రాస్తాను. ఈరోజు మరియమ్మది మాత్రం, ఆదోని నుంచి వచ్చిన ఆమె కొడుకు దానియేలు ఫోన్‌లో ఏఐతో రాయించుకొచ్చాడు. "నీకెందుకక్కా శ్రమ? ఇది నిమిషంలో రాసిచ్చింది సూడు" అన్నాడు.

భాష ఎంత నున్నగా ఉందో! నాకు అసూయ కూడా కలిగింది. "ఏనాడూ గొంతెత్తని శాంతమూర్తి" అని పాస్టరుగారు చదువుతుంటే అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఎవరు, మరియమ్మా? పత్తి చేలో ఆమె కేకేస్తే పక్క చేని కూలీలు కూడా నడుం వంచేవాళ్ళు! ఆమె తిట్లు తిన్నవాళ్ళే వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఇదేంటని నాతో సహా ఒక్కరూ అడగలేదు.

అంతా అయ్యాక ఆమె భర్త ఏసన్న తడబడుతూ నా దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు సదివింది బాగుండాదిలేమ్మా. మా మరియమ్మది ఎప్పుడు సదువుతారు?"

అప్పటికే సమాధి పూడ్చేశారు.