రాగి రంగు కారులో మీసాల పిల్ల

మే 3, 1971. లాంకాస్టర్

ఎడారి. మోటెల్. పక్క గదిలో కెమెరా అసిస్టెంట్లు బీరు తాగుతూ నవ్వుతున్నారు. నా గురించే అయి ఉంటుంది. నా గురించి కాకపోతే అదింకా అవమానం.

ఈ సినిమాలో నా పని కంటిన్యుటీ. ఒక షాట్‌లో ఏది ఎలా ఉందో తరవాతి షాట్‌లోనూ అది అలాగే ఉండేట్టు చూడటం. సిగరెట్ ఎంతవరకు కాలింది, పై గుండీ పెట్టి ఉందా లేదా. కాన్వెంట్‌లో సిస్టర్ ఇమాక్యులాటా మాకు గట్టిగా నేర్పింది ఒకటే. చూసింది చెప్పండి, అనుకున్నది మీ దగ్గరే ఉంచుకోండి అని. అనుకున్నవి ఇక్కడ రాసుకుంటున్నాను.

నోరీన్ అని నాకొక పేరుంది. కాన్వెంట్‌లో చదివానని యూనిట్‌లో అందరూ సిస్టర్ అనే పిలుస్తారు.

మే 4

కథలో కారు ఒకటే. ఇక్కడ నాలుగున్నాయి. డెట్రాయిట్ కార్లు, రాగి రంగు, బానెట్ మీద రెండు నల్ల చారలు. ఒక అమ్మాయి దాన్ని దొంగిలించి ఎడారికి అడ్డంపడి పారిపోతుంది. కథ అంతే. రాయడానికి ముగ్గురు కావలసి వచ్చిందట.

నాలుగింటిలో అందంగా ఉన్నది క్లోజప్‌లకి. మిగతా మూడూ గుద్దడానికి, దూకడానికి, చావడానికి. సెకండ్‌హ్యాండ్‌వి. లోపల చిన్న ఇంజన్లు. తొక్కితే కుట్టుమిషన్ చప్పుడు. ఒకదాని తలుపు సొట్టపోతే మిగతా వాటినీ అదే చోట సుత్తితో సొట్టపెట్టాలి. ఆ చోటు చూపించేది నేను. చదివిన లాటిన్ అంతా ఇందుకు పనికొచ్చింది.

హీరోయిన్ షెర్రిల్ వెయిన్‌కి డ్రైవింగ్ రాదు. కారును ట్రక్కుకు కట్టి లాగుతారు. జుట్టు ఎగరడానికి ఫ్యాను. ఆమె మాత్రం పిండి కలుపుతున్నట్టు స్టీరింగ్ తిప్పేస్తుంది. ఎదురుగా రోడ్డేమో తిన్నగా ఉంటుంది.

మే 5

నిజంగా నడిపేది బక్ టిలరీ. నలభై దాటిన మనిషి. ఎర్ర విగ్గు, పువ్వుల గౌను, మీసం.

మీసం తియ్యమంటే తియ్యడు. కౌబాయ్ సినిమాలకి తనని పిలిచేది ఈ మీసం చూసేనట. అంత దుమ్ములో ఎవడికి కనపడుతుందిరా అన్నాడు. డైరెక్టర్ గోర్డన్ థ్రిప్ బుర్ర ఊపి, మూతికి అడ్డంగా ఒక స్కార్ఫ్ కట్టించాడు. కథలో జూలై నెల. ఎండాకాలంలో స్కార్ఫ్ ఎందుకు అని చిన్నగా అడిగాను. మన సిస్టర్‌కి ముసుగులంటే తెలియదు పాపం అన్నాడు బక్. అందరూ పడిపడి నవ్వారు.

ఆడవాళ్ళ బదులు విగ్గు పెట్టుకుని మగవాళ్ళు దూకడం ఇక్కడ మామూలేనని మేకప్ ఆవిడ చెప్పింది. బక్ వాళ్ళ స్టంట్‌మెన్ సంఘం ఆడవాళ్ళని చేర్చుకోదు. ఆడవాళ్ళకి దెబ్బలు తగులుతాయని వాళ్ళ బాధ. వీళ్ళకేం తగులుతాయో, పూలా?

ఇంకొకటి తెలిసింది. కెమెరాలో ఫిల్మును కాస్త నెమ్మదిగా తిప్పితే తెర మీద కారు వేగంగా పోతుందట. బక్ ధైర్యంలో కొంత వాటా అదన్నమాట.

మే 7. మధ్యాహ్నం

మా కార్లకు గొంతు లేదు కాబట్టి అరువు తెచ్చారు. సౌండ్ చూసుకునే మిల్ట్ ఆస్టర్‌మన్ పకోయిమా నుంచి ఒక కారును పిలిపించాడు. అదే మోడల్, నీలం రంగు, లోపల అసలైన పెద్ద ఇంజన్. ఎండిపోయిన సరస్సు మీదకు తీసుకెళ్ళి, పొగగొట్టం దగ్గర మైకు కట్టాడు.

తోలింది దొలోరెస్ ఇబార్రా. నా కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. వాళ్ళ నాన్న బ్రేకుల షాపు ఇప్పుడు తనే నడుపుతోంది. ఆ కారు తనే తయారుచేసుకుంది, ఇంజన్‌తో సహా. ఆదివారాలు రేసులకు పోతుందట.

ఆమె ఒక చుట్టు తిరిగొచ్చాక ఎవరూ మాట్లాడలేదు. ఈ మగవాళ్ళు నోరు మూసుకుని ఉండటం నేను చూడటం ఇదే మొదలు. మిల్ట్ చెవుల మీది గిన్నెలు తీసి, కళ్ళు తుడుచుకుని, దుమ్ము అన్నాడు.

తరవాత ఆమె నా దగ్గరకు వచ్చి, ఇంతకీ సినిమాలో ఆ పిల్ల బదులు తోలేదెవరు అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. బక్ విగ్గు ఒళ్ళో పెట్టుకుని, గౌను తొడల దాకా ఎగదోసుకుని సాండ్‌విచ్ తింటున్నాడు. దొలోరెస్ నేల మీద కూలబడి నవ్వింది. ఏమే పిల్లా, ఏంటంత నవ్వు అన్నాడు బక్. మీ కాళ్ళు బాగున్నాయండీ అంది.

మే 8

దొలోరెస్ ఇవాళ కూడా వచ్చింది. ఆమె పని నిన్ననే అయిపోయింది.

మే 10

ఎందుకు వచ్చిందో తెలిసింది. కథ చివర కారు ఎండిన వాగు మీంచి దూకాలి. సినిమాకు ప్రాణం ఆ దూకుడేనని థ్రిప్ రోజూ అంటాడు. ఆ దూకుడు తనకిమ్మంది దొలోరెస్. ఒక్క సినిమాలో నేను దూకినట్టు తెర మీద ఉంటే చాలు, ఆ తరవాత ఏ స్టూడియో గేటు దగ్గరా ఆడదానివి నీకెందుకమ్మా అనే మొగాడుండడు అంది.

థ్రిప్ ఆమె భుజం తట్టి, చూద్దాంలేమ్మా అన్నాడు.

ఆమె మొహం వెలిగిపోయింది. పకోయిమాలో చూద్దాం అంటే చూస్తారు కాబోలు. ఈయన చూద్దామన్నది ఇంతవరకు ఏదీ చూడలేదని చెప్పాను. అయితే నువ్వు చూద్దువుగాని రా, ఎక్కు అంది.

ఎక్కాను. ఎందుకు ఎక్కానో తెలియదు. వీపు సీటుకు అతుక్కుపోయింది. కొండ మలుపులో వెనక చక్రాలు పక్కకు జారితే ఆమె వాటిని జారనిచ్చి, వేళ్ళ చివరలతో వెనక్కి తెచ్చింది. ఏంటి సిస్టర్, జపం చేస్తున్నావా అని అరిచింది. అవునన్నాను. ఆపకు, ఇంకో మలుపుంది అంది.

రాత్రి చదువుకుందామని పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ నడవలేదు.

మే 12

ఇవాళ మొదటి దూకుడు. గుద్దుళ్ళలో ఒక కారు ఇప్పటికే పోయింది. దూకడానికి రెండు మిగిలాయి. ఇంజన్ బరువుకు ముక్కు కిందకు పోకుండా డిక్కీలో ఇసుక బస్తాలు వేశారు. బక్ సిలువ గుర్తు వేసుకున్నాడు, గౌనులో.

కారు గాల్లోకి లేచింది. కిటికీలోంచి విగ్గు కూడా లేచింది. కారు కంటే పైకి, కారు కంటే అందంగా. తెర మీద కథానాయిక బట్టతలతో వాగు దాటింది.

నేల తగలగానే కారు నడుం విరిగింది. ఒకసారి దూకిన కారు మళ్ళీ పనికిరాదు. బక్‌కి విగ్గు పెట్టిన అమ్మాయిని పట్టుకుని థ్రిప్ తిట్టాడు. ఆ అమ్మాయి, జుట్టున్న మనిషిని పెట్టుకుంటే నాకీ పని ఉండేది కాదు కదండీ అంది. ఆమెను ఇంటికి పంపేశారు.

మే 13

రెండో దూకుడు. విగ్గును గమ్ముతో అంటించారు. ఈసారి స్కార్ఫ్ ఎగిరింది. మీసం.

దిగడం బాగా లేదు. బక్ వెన్నుపూస అదిరి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. స్ట్రెచర్ మీద కూడా గౌనులోనే. ఎర్ర విగ్గు ఊడి రాలేదు. ఆ ఒక్క క్షణం ఆయన మీద జాలిపడ్డాను. తరవాత ఆయన నర్సును చూసి ఈల వేశాడు.

ఇక మిగిలింది క్లోజప్‌ల కారు. దానితో ఇంకా పనుంది కనక దూకించడానికి లేదు. థ్రిప్ నెమ్మదిగా తల తిప్పి, దూరంగా నీలం కారుకు ఆనుకుని నారింజ ఒలుచుకుంటున్న దొలోరెస్ వైపు చూశాడు.

ఆమెతో ఇంత తీయగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. కారు ఇస్తే చాలట. తోలడానికి బర్బాంక్ నుంచి ఇంకొక అబ్బాయి వస్తాడట, విగ్గు సైజు కూడా సరిపోతుందట. దొలోరెస్ నారింజ తొన నోట్లో వేసుకుని నమిలి, గింజ ఊసి, కారూ నేనూ ఒకటే సార్, విడివిడిగా అద్దెకు ఇవ్వం అంది.

ఆమెకు తెలుసు, దూకితే కారు మిగలదు. నాలుగేళ్ళు పట్టి తయారుచేసుకున్న కారు. అయినా పిచ్చిదానా అని నేననలేదు. ఆమె చూపు చూస్తే అనబుద్ధి కాలేదు.

చూద్దాం అన్నాడు థ్రిప్. చూద్దాం కాదు, రేపు అంది దొలోరెస్.

మే 14

పొద్దున్నే నీలం కారుకు రాగి రంగు కొట్టారు. ఆమె అటు తిరిగి నిలబడింది. చారలు ఎక్కడ రావాలో చూపించాను.

విగ్గు వద్దంది. తన జుట్టే విప్పుకుంది. నల్ల జుట్టేంటమ్మా అన్నాడు కెమెరామన్. అంత దుమ్ములో ఎవడికి కనపడుతుందిరా అంది, అచ్చం బక్ గొంతుతో.

తరవాత ఆ ఇంజన్ అరిచింది. అరువు గొంతు కాదు, దాని గొంతే. కారు ర్యాంపు వదిలి లేచినప్పుడు వాగు అవతల ఉన్న మాకు కింది భాగమంతా కనపడింది, చేప పొట్టలాగా. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను తాకాయి. ఒక్క టేకు.

కారు ముందుకు వెళ్ళలేదు. నడుం విరిగింది. ఆమె దిగి, బానెట్ మీద చేయి వేసి, స్పానిష్‌లో ముద్దుగా ఏదో తిట్టింది. చప్పట్లు కొట్టింది మిల్ట్ ఒక్కడే. నేను కొట్టాలనుకునేలోపే ఆయన ఆపేశాడు.

మే 17

తీసిన ఫిల్ము కడిగి వచ్చింది, రషెస్ చూశారు. లైట్లు వేశాక థ్రిప్ పెదవి విరిచాడు.

ఆడది నడుపుతున్నట్టు లేదట.

ఈ మాట రాసి చాలాసేపు చూశాను. ఆడది కాకపోతే మరేమిటి అని అడగవలసింది. భుజాలు వంగాలట, భయం కనపడాలట, బక్‌కి ఆ నాజూకు తెలుసట. బక్ మొదటి టేకు వాడి, విగ్గు ఎగిరే ముందు కట్ చెయ్యమన్నాడు. ఆ మాట ఎడిటర్‌కి చేరవేయడం నా పని. థ్రిప్ రాత్రి విమానానికి అకపుల్కో వెళ్ళాడు, అలసిపోయాడట.

మే 18

ఎడిటర్ ఫోన్ చేసి, దూకుడుకు థ్రిప్ ఏ టేకు అన్నాడు అని అడిగాడు.

దొలోరెస్ టేకు అన్నారు అని చెప్పాను.

ఇంకేమన్నా అన్నాడా?

చాలా ఇష్టపడ్డారు అన్నాను.

పన్నెండేళ్ళు కాన్వెంట్‌లో ఉండి ఇంత హాయిగా అబద్ధం ఆడగలనని అనుకోలేదు. ఫోన్ పెట్టేసి రెండు టోస్టులు తిన్నాను, వెన్న రాసుకుని.

జూలై 22. బర్బాంక్

థ్రిప్ ఎడిట్ అయిన సినిమా చూశాడు. నేను వెనక కూర్చున్నాను. దూకుడు వచ్చింది. ఆమె భుజాలు, ఆమె జుట్టు, ఆమె ఇంజన్.

థ్రిప్ తొడ చరిచాడు. చూశావా, అదీ మగాడి చేయంటే, ఆ పిల్ల టేకు తీసేసి మంచి పని చేశాం అన్నాడు ఎడిటర్‌తో. ఎడిటర్ నా వైపు చూశాడు. నేను పెన్సిల్ చెక్కుకున్నాను. ఆయన తల తిప్పుకుని రీళ్ళు సర్దుకున్నాడు. ఉద్యోగం తెలిసిన మనిషి.

దొలోరెస్‌కు ఫోన్ చేశాను. నువ్వు ఉన్నావు అన్నాను. షాపులో గ్రైండరు మోగుతోంది. ఏంటి, ఏంటి అని అరిచింది. నువ్వు సినిమాలో ఉన్నావు అని నేనూ అరిచాను. ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు.

ఆగస్టు 19

పబ్లిసిటీ వాళ్ళు ఒక కరపత్రం తయారుచేశారు. తెర వెనుక విశేషాలు. తప్పులు దిద్దమని నాకు పంపారు.

సినిమా మొత్తానికీ వాడింది ఒకే ఒక్క కారట. షెర్రిల్ వెయిన్ మూడు వారాల్లో రేసు డ్రైవింగ్ నేర్చుకుందట. మీరు వినే ఆ గర్జన ఆ కారుదేనట, ఏ మార్పూ లేకుండా. వాగు మీంచి ఆ మహాద్భుతమైన దూకుడు బక్ టిలరీదట, ఒకే టేకులో, వెన్ను నొప్పిని లెక్కచేయకుండా. ఈ దూకుడుకు ఆయన సంఘం ఆయనను సన్మానిస్తోందట. ఆడవాళ్ళు లేకుండానే ఆడవాళ్ళ పని ఇంత బాగా జరుగుతోందనడానికి ఇదే నిదర్శనమని సంఘం అధ్యక్షుడి మాట.

దూకుడు దగ్గర దొలోరెస్ ఇబార్రా పేరు రాసి పంపాను. అడిగింది స్పెల్లింగ్ తప్పులమ్మా అని, కొట్టేసి తిప్పి పంపారు.

స్పెల్లింగ్ తప్పులు లేవు.

ఆగస్టు 20

సంఘంలో చేర్చుకోమని అడగడానికి దొలోరెస్ బర్బాంక్ వెళ్ళిందట. సంఘం ఆఫీసులో ఒక పెద్దాయన, ఆ దూకుడు నీదైతే మీసం ఏదమ్మా అన్నాడట. చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 10. పాసడీనా

ప్రివ్యూ. హాలు నిండింది. దొలోరెస్, నేను బాల్కనీలో, ప్రొజెక్టర్ గది కిటికీకి సరిగ్గా కింద.

వాగు వచ్చింది. కారు లేచింది. దొలోరెస్ కూడా లేచి నిలబడింది. ఆమె తల నీడ తెర మీద పడింది, కారు కిటికీ ఉన్న చోట.

కూర్చోమ్మా, డ్రైవర్ కనపడటం లేదు అని పక్క నుంచి ఎవరో అరిచారు.