హాడక్ అనే చెప్పాను

అక్టోబరు 7, సోమవారం

చచ్చీ చెడీ లండన్ చేరాం. మా రేవు ఊరు విట్బీలో పొద్దున్నే ఎక్కితే రైళ్ళు మారీ మారీ ఇక్కడికొచ్చేసరికి సాయంత్రమైంది. మేనకోడలు లిన్నెట్ ఇంట్లో దిగాం. మా ఆయన నార్మన్ చెల్లెలి కూతురు. పిల్ల మంచిదే కానీ టీ మాత్రం కడుగునీళ్ళు.

దార్లోనే ఆస్పత్రిలో డాక్టరుని చూసి వచ్చాం. ఆపరేషన్ వచ్చే మంగళవారం. నార్మన్ గొంతులో కాన్సర్ పాకిన స్వరపేటిక మొత్తం తీసేస్తారు. మాట పోతుంది. మెడకి కన్నం పెడతారు, ఇక ఊపిరి అందులోంచే. ముక్కుతో గాలి పీల్చడు కనక వాసన తెలీదు, వాసన లేకపోతే రుచి కూడా చాలామటుకు పోతుంది అన్నాడాయన. ఏమైనా అడగాలా అంటే నార్మన్ ఆ బొంగురు గొంతుతో, చేప కూడానా అన్నాడు. డాక్టరుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

అక్టోబరు 8

నిద్ర లేస్తూనే మొదలుపెట్టాడు. ఏమేవ్, ఆ మంగళవారం లోపల ఒక్కసారి సరైన ఫిష్ అండ్ చిప్స్ తినాలే, ఆ తర్వాత ఏం కోసుకుంటారో కోసుకోమను, అన్నాడు. మరి ఊళ్ళో ఉన్నప్పుడే తిని ఏడవొచ్చుగా అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఫోనొచ్చింది మొన్న ఆదివారం సాయంత్రం, ఆపరేషన్‌కి తేదీ దొరికింది, రేపే వచ్చి డాక్టరుకి చూపించుకోమని. ఆదివారం మా ఊళ్ళో చేప వేయించే షాపు తెరవరు.

లిన్నెట్ నవ్వింది. ఇది లండన్ అత్తయ్యా, దొరకనిదంటూ లేదు, వీధికో షాపుంది అంది. చూద్దాం.

అక్టోబరు 9, బుధవారం

వీధికో షాపుంది నిజమే. దాని మొహం.

మొదటి షాపు ముందు నిలబడి నార్మన్ అలవాటుగా అద్దంలోంచి సైగ చేశాడు. బొటనవేలు భుజం మీద నొక్కి చూపించడం. అంటే హాడక్ చేప అని. ఈయన పనిచేసిన చేపల పడవ మీద ఇంజన్ మోతలో మాట వినపడదు కదా, అందుకని వాళ్ళు వలలో ఏం పడిందో ఇలా సైగల్తోనే చెప్పుకునేవాళ్ళు. హాడక్‌కి భుజం దగ్గర బొటనవేలి ముద్రలా నల్లమచ్చ ఉంటుంది. కాడ్ పడితే గడ్డం కింద వెంట్రుక లాగినట్టు చూపించాలి, దానికి అక్కడ ఒక మీసం వేలాడుతుంది. పడవ దిగి ఇన్నేళ్ళైనా మా ఊళ్ళో ఈయన అలా చేస్తే చాలు, లోపల చేప మూకుట్లో పడుతుంది. ఇక్కడి అబ్బి మాత్రం ఈయన భుజాన్ని జాలిగా చూసి, ఎదురుగా ఉన్న మందుల షాపు వైపు చెయ్యి చూపించాడు. నవ్వలేక చచ్చాను.

హాడక్ లేదట. కాడే. మా వైపు కాడ్‌ని పిల్లులకి వేస్తారు. పైగా తోలు తియ్యకుండా వేయించారు. నార్మన్ తిరగేసి చూసి, కోటు విప్పకుండా స్నానం చేయించారే పాపం అన్నాడు. నూనె కూడా ఏదో గింజల నూనె. గొడ్డు కొవ్వులో వేయించరా అనడిగితే కౌంటర్లో అమ్మాయి నేనేదో చెయ్యరాని పని చెప్పినట్టు చూసింది. పోనీ స్క్రాప్స్ అయినా వెయ్యమ్మా అన్నాను. మూకుట్లో రాలిన పిండి పలుకులు, మా దగ్గర ఊరికే దోసెడు పోస్తారు. చెత్తబుట్ట చూపించింది.

రెండు ముక్కలు కొరికి వదిలేశాడు.

అక్టోబరు 10

లిన్నెట్ మంచి చోటని ఒక పబ్‌కి తీసుకెళ్ళింది. చేపని చెక్క పీట మీద పెట్టి ఇచ్చారు. చిప్స్‌ని బుల్లి ఇనప బకెట్లో. నార్మన్ బకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, వడ్డించే ఆవిడ ఇటునుంచి పాలు పితకడానికి వెళ్తుందా అన్నాడు. ఆ గొంతుతో జోకు వెయ్యడానికి ఎంత కష్టపడుతున్నాడో నాకు తెలుసు. అయినా మానడు. నోరే లేకపోతే వీడిని ఈపాటికి సముద్రంలో పడేసేవాళ్ళు అనేది వాళ్ళమ్మ.

ఆ నోరు లేకుండా ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించబుద్ధి కావడం లేదు.

అక్టోబరు 11, శుక్రవారం

దొరికింది!

నార్మన్‌ని స్కాన్లకి తీసుకెళ్తే నన్ను బయటికి పొమ్మన్నారు. మందులు తెచ్చుకుందామని బస్సెక్కి వెళ్తున్నా. ఒక స్టాపులో తలుపు తెరుచుకుంది, కొవ్వు వాసన గుప్పుమంది. అసలైన వాసన, శుక్రవారం చేప కట్టించుకొచ్చినప్పుడు మా అమ్మ కోటుకుండే వాసన. నా స్టాపు కాదు, అయినా దూకినంత పనిచేసి దిగాను.

చిన్న షాపు. యజమాని స్టెలియోస్, సైప్రస్ నుంచి వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. ఏం తల్లీ, ఎటునుంచి అన్నాడు. విట్బీ అన్నాను. అయ్యో, అయితే నాకివాళ పరీక్షే అన్నాడు. బోర్డు మీద హాడక్ ఉంది. గొడ్డు కొవ్వే. మా గురువు మీ వైపువాడే, ఇంకోదాంట్లో వేయిస్తే చెయ్యి విరగ్గొడతానన్నాడు అని నవ్వాడు. ఒక్క ముక్క నోట్లో వేసుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, వేడికి అనుకున్నాడేమో ఆయన నీళ్ళగ్లాసు ఇచ్చాడు.

కట్టి తీసుకెళ్దామా అనుకున్నా. కానీ డబ్బాలో ఆవిరికి మెత్తబడి చస్తుంది. ఇన్ని రోజులు వెతికి మెత్తబడ్డది పెట్టనా? రేపు ఆయన్నే తీసుకొస్తానన్నాను. కిటికీ పక్క బల్ల అట్టే పెడతానన్నాడు స్టెలియోస్.

నార్మన్‌తో చెప్తే పెళ్ళికొడుకులా గడ్డం గీసుకుని కూర్చున్నాడు.

అక్టోబరు 12

తెల్లారేసరికి గొంతు వాచిపోయింది. మంచినీళ్ళు కూడా దిగడం లేదు. ఆస్పత్రిలో చేర్చేశారు.

అక్టోబరు 13, ఆదివారం

చేతికి సెలైన్. వాపు తగ్గడానికి ఇంజక్షన్లు. మాట్లాడొద్దన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మొన్న కట్టి తెస్తే ఏం పోయేది? మెత్తబడేదట! పెద్ద రాణీగారిని, మెత్తబడితే పనికిరాదట! నన్ను నేను తిట్టుకోవడం తప్ప ఈ రోజు ఇంకో పని చెయ్యలేదు.

అక్టోబరు 14, సోమవారం

వాపు దిగింది. పొద్దున పాలు తాగాడు, మధ్యాహ్నం మెత్తటి గుడ్డు తిన్నాడు. నర్సమ్మని పక్కకి పిలిచి అడిగాను. రాత్రి నుంచి ఉపవాసం, సాయంత్రం వరకు తినొచ్చు, చిన్న చిన్న ముక్కలు, నేను దగ్గరుంటాను అంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

నార్మన్‌కి చెప్పకుండా పరిగెత్తాను. షాపు ముందు దిగి చూస్తే మూసుంది. సోమవారం! బోట్లు ఆదివారం వెళ్ళవు, సోమవారం మంచి షాపేదీ చేప వేయించదు. రేవు ఊళ్ళో పుట్టి పెరిగి పడవ మనిషిని పెళ్ళి చేసుకున్నదాన్ని, ఇది నాకు ఒకరు చెప్పాలా? ఆస్పత్రిలో పడ్డాక ఏ రోజు ఏ వారమో తెలిసి ఏడిస్తేగా.

లోపల లైటుంది. స్టెలియోస్ మూకుడు తోముకుంటున్నాడు. అద్దం బాదాను. సెలవు అని చెయ్యూపాడు. మళ్ళీ బాదాను. పగిలిపోతుందని భయపడి తలుపు తీశాడు. శనివారం బల్ల అట్టే పెట్టుకుని కూర్చున్నా తల్లీ, రాలేదేం అన్నాడు. అక్కడే గుమ్మంలోనే ఏడ్చేశాను. అంతా చెప్పాను. రేపు ఆపరేషన్, ఆయనకి ఇదే ఆఖరిది అని.

స్టెలియోస్ కొత్త కొవ్వు దిమ్మ మూకుట్లో వేసి మంట పెట్టాడు. ఆ తర్వాత తలగోక్కున్నాడు. హాడక్ శనివారమే అయిపోయింది తల్లీ, ఫ్రీజర్లో ఉన్నదల్లా కాడే, ఓడ మీదే గడ్డకట్టించింది, నిక్షేపంలా ఉంటుంది అన్నాడు. సరే, కాడే కానీ తోలు తియ్యి అన్నాను. తోలు తీస్తే విరిగిపోతుంది, మాకలవాటు లేదు అన్నాడు. ఇలా తే కత్తి అన్నాను. చేప కాస్త వదులయ్యేదాకా ఆగి, వేళ్ళకి ఉప్పు రాసుకుని తోక దగ్గర పట్టి ఒక్క లాగు లాగాను. కోటులాగే ఊడొచ్చింది. స్టెలియోస్ ఈల వేశాడు. చివర్లో మూకుట్లో పలుకులన్నీ చిల్లుల గరిటెతో దేవి పొట్లంలో పోశాడు, చెప్పకుండానే.

పొట్లం మూతి తెరిచి ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో వచ్చాను. వార్డులో అడుగు పెట్టగానే మంచాల మీద తలలన్నీ లేచాయి. నార్మన్ ముక్కు ముందు తిరిగింది, తర్వాత మనిషి తిరిగాడు. లేచి కూర్చున్నాడు. బొటనవేలు భుజం మీద పెట్టి కనుబొమ్మలెగరేశాడు.

హాడక్ అనే చెప్పాను.

పెళ్ళైనప్పట్నుంచి ఆయనతో చేప విషయంలో అబద్ధమాడలేదు. ఇవాళ ఆడాను. అవసరమైతే మళ్ళీ ఆడతాను. ఆఖరి ముద్ద ఆయనకి పిల్లి తిండి అని చెప్పి పెడతానా?

నర్సమ్మ తెర వేసి పక్కన నిలబడింది. గోరంత ముక్కలు తుంపి పెట్టాను. కళ్ళు మూసుకుని తిన్నాడు, ఎంతసేపో నమిలాడు. వాసన చూస్తూ తిన్నాడు, ప్రతి ముక్కా ముక్కు దగ్గర పెట్టుకుని. సగం చేప తిన్నాడు. కరకరలాడే అంచు ముక్క మాత్రం నా నోట్లో పెట్టాడు, ఎప్పుడూ అంతే. 

అంతా అయ్యాక దగ్గరకు రమ్మని చెయ్యూపాడు. చెవి ఆనించాను. వెనిగర్ తక్కువైందే అన్నాడు.

అక్టోబరు 15

తీసుకెళ్ళారు. తలుపు మూసుకునే ముందు కన్నుగొట్టాడు. ఆ గొంతు ఇక వినను. వెనిగర్ అన్న మాటే ఆఖరు.

అక్టోబరు 17, గురువారం

ఇవాళ బాగా తెలివిలోకి వచ్చాడు. మెడ నిండా కట్టు. ఏమైనా చెప్పాలంటే రాయమని నర్సమ్మ పలక ఇచ్చింది. దుప్పటి మీద పడేశాడు. నా వైపు వేలు చూపించాడు. తర్వాత గడ్డం కింద, కట్టుకి కాస్త పైన, రెండు వేళ్ళతో లేని మీసం పట్టుకుని లాగాడు.

నేను బొటనవేలు భుజం మీద నొక్కి చూపించాను.

కాదని వేలు అటూ ఇటూ ఆడించి, మళ్ళీ గడ్డమే లాగాడు.