కోసిన తురాయి

మామా,

ఫోన్ చేస్తే నవ్వి దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను. గోరంట్లలో నీ దగ్గర కొన్న అసిల్ జాతి పందెం కోళ్ళు, పుంజూ పెట్టలూ, పిల్లలు చేశాయి. అసలు జాతికి తురాయి నెత్తికి అణిగి చిన్నగా ఉండాలి. వీటిలో కొన్నింటికి రంపం పళ్ళలా నిలువుగా లేస్తోంది. పెట్టలు అంతకుముందే వేరే పుంజుతో కలిసి ఉండొచ్చు, లేదా పుంజే కల్తీది కావచ్చు. నువ్విచ్చిన పుంజు తురాయి చూసి తేల్చుకుందామంటే, నున్నగా కోసి ఉంది.

ఎందుకు కోశారని కొన్న రోజే అడిగాను. "పందెం పుంజుకు కొయ్యకుండా పెడతారా పాపా? ఎదుటిది ముక్కుతో పట్టుకోదా?" అన్నావు. నమ్మాను. కోయకముందు అదెలా ఉండేదో నీకే తెలుసు.

ఇంతలో పక్కింటి తిమ్మక్క నా పుంజును చూసుకొని, తన ముసలి పుంజును పెద్దమ్మ తల్లికి బలిస్తానని మొక్కుకుంది. మంగళవారమే జాతర. ఆ ముసలి పుంజు వాళ్ళ అవ్వ కాలం నుంచి కరువులకు తట్టుకొని వచ్చిన సంతతి. ఊళ్ళో కల్తీ లేని పుంజు అదొక్కటే మిగిలింది.

ఆపమని బతిమాలాను. "నీది వచ్చినాక నాదెందుకు మే? అమ్మవారికి మొక్కినాక ఊరికే ఉంటాదా? బదులు నువ్విస్తావా పుంజును?" అంది. నీ జవాబు వచ్చాక చెప్తానన్నాను.

సోమవారం లోపల నిజం చెప్పు మామా. కబురు రాకపోతే అదే జవాబు అనుకుంటాను. అప్పుడు తిమ్మక్క పుంజుకు బదులు జాతరకు నువ్విచ్చిన పుంజే పోతుంది. కూరకు అత్తను కూడా తీసుకొని రా.

నీ అక్క కూతురు