గంగమ్మకి తియ్యని మొదటి స్కోన్

జనవరి, శుక్రవారం

మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానన్నాడు మా ఆయన. తనతో పాటు వేటకెళ్లిన రెండు బోట్లూ వచ్చేశాయి. తనది రాలేదు, ఫోన్ కలవడం లేదు.

"మీ బేకరీలో సేసే స్కోన్లు నాకెప్పుడు పెడతావే?" అని పోయిన వారం అడిగాడు. అందుకే డ్యూటీ అయ్యాక మధురవాడలో లంబసింగి స్ట్రాబెర్రీలు కొన్నాను. చిన్న బన్నుల్లా ఉండే ఆ స్కోన్ల కోసం పిండిలో వెన్న నలిపి, పళ్ల ముక్కలు కలిపి ఓవెన్‌లో పెట్టాను. దించగానే ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాను. లోపల కాలిందో లేదో బేకరీలో అలాగే చూస్తాం. చేతికి అదే అలవాటైపోయింది.

అత్త గుమ్మంలోంచి చూసింది.

"మొదటిది గంగమ్మకి తీసావేటే?"

మగాళ్లు సముద్రం మీదుంటే ఈ ఇంట్లో ఏది వండినా మొదటి ముక్క సముద్రంలో గంగమ్మకే. పెళ్లయిన ఈ ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రెండోది ఆకులో పెట్టుకుని ఒడ్డుకి నడిచింది, వెనకే నేను. మోకాళ్ల లోతు దిగి నీళ్లలో వదిలింది. అల దాన్ని తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గరే పడేసింది.

"పిండి కదత్తా, తేలుతుంది. అలతో పాటే వచ్చేస్తుంది, గంగమ్మ వద్దన్నట్టేం కాదు" అన్నాను.

"ఊఁ" అంది.

అప్పట్నుంచీ గుమ్మంలో సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ప్లేటులో ఇంకా ఆరున్నాయి. మళ్లీ వేసొద్దాం, ఇంకోటి తెమ్మంటుందేమోనని ఇప్పటిదాకా చూశాను.

అడగలేదు.